పన్నీరు: నీటి పేరు పువ్వుకు అంటిన కథ

‘గులాబి’ అన్నది పువ్వు పేరని మనమనుకుంటాము. పారసీకంలో ‘గుల్’ అనగా పువ్వు, ‘ఆబ్’ అనగా నీరు. అంటే గులాబ్ పన్నీరే! మన దేశానికి వచ్చేసరికి నీటి పేరు పువ్వుకు అంటుకున్నది. తరగతిలో ఈ మాట చెబితే పిల్లలు ఒక పట్టాన నమ్మేవారు కారు.

పరిమళ ద్రవ్యాలను బట్టీపట్టే విధానాలను 9వ శతాబ్దిలో అల్ కిందీ గ్రంథస్థం చేశాడు. ఫార్సు రాష్ట్రం అబ్బాసీ ఖలీఫాలకు చెల్లించిన కప్పంలో 30,000 సీసాల పన్నీరు ఉన్నదని ఇబ్న్ ఖల్దూన్ వ్రాశాడు. కప్పంగా పన్నీరు! ఎంత విలువైనదో ఊహించండి.

జహంగీరు తన ఆత్మకథలో ఒక ముచ్చట చెప్పాడు. నూర్జహాను తల్లి పన్నీరు తీయిస్తుండగా, వేడి నీటిని పాత్రలలో పోసినప్పుడు పైన తెట్టు కట్టినదట. ఆ తెట్టును పోగుచేస్తే మహాపరిమళమైన అత్తరయినది. చక్రవర్తి మురిసి ఆమెకు ముత్యాల హారమిచ్చాడు.

చర్మానికి సంబంధించిన కీలకమంతా ఆ తెట్టులోనే ఉన్నది. కనౌజులో నేటికీ రాగి డేగులో రేకులూ నీరూ పోసి, మూతకు మట్టి మెత్తి, వెదురు గొట్టం ద్వారా ఆవిరిని చన్నీటిలో ఉంచిన భప్కాలోనికి పంపుతారు. ఆవిరి చల్లారి నీరైనప్పుడు నూనె పైకి తేలుతుంది. నీటిలో కరిగే సుగంధాంశం, ముఖ్యంగా ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, క్రిందనే నిలుస్తుంది. నూనె అత్యల్పం గనుకనే పన్నీరు చాలామంది చర్మానికి సౌమ్యం. చల్లదనమిస్తుంది, హాయినిస్తుంది. ముడతలు పోగొట్టునని, తెల్లబరచునని చెప్పే మాటలకు మాత్రం గట్టి ఆధారం లేదు.

అయినా పన్నీరు పూర్తిగా నిరపాయమైనదేమీ కాదు. అందులో లేశంగా మిగిలే జెరానియోల్, సిట్రొనెలోల్ కొందరికి దద్దురు పుట్టిస్తాయి. ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒకటి రెండు రోజులు చూడడం మేలు. నిలవ ద్రవ్యం కలపని పన్నీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి గనుక, మూత తీశాక ఫ్రిజ్‌లో ఉంచి త్వరగా వాడేయాలి. కళ్ళలో వేసుకోవడం మన ఇళ్ళలో పాత అలవాటే కాని, ముఖానికి రాసుకునే సీసా కంటికి పనికిరాదు.

ఇక అంగళ్ళలో పన్నీరన్న పేరుతో వట్టి నీటికి కృత్రిమ పరిమళం కలిపినదీ దొరుకుతుంది. సీసా వెనుక ‘రోజా డమాసినా ఫ్లవర్ వాటర్’ అని మొదట ఉన్నదా, లేక నీరు, పరిమళం, రంగు అని వరుసగా ఉన్నదా చూసి మరీ కొనండి.