నోరు విప్పనందుకు 159 రోజులు

ఎంఏలో ఫీల్డ్‌వర్క్ చేసే రోజుల్లో ప్రతి ఇంటర్వ్యూకి ముందూ ఒక మాట చెప్పేవాణ్ణి: "మీ పేరు బయటికి రాదండీ." ఆ మాటకి ఎంత ఖరీదుందో రిక్ స్కార్స్ గురించి చదివాకే తెలిసింది.

1991 ఆగస్టులో, అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ప్రయోగశాలల్లోకి కొందరు రాత్రివేళ చొరబడ్డారు. సామగ్రి ధ్వంసం చేసి, జంతువుల్ని వదిలేశారు. ఆ పని మాదేనని యానిమల్ లిబరేషన్ ఫ్రంట్ ప్రకటించుకుంది. అనుమానం రాడ్ కొరొనాడో అనే కార్యకర్త మీదికి వెళ్లింది. స్పొకేన్‌లో గ్రాండ్ జ్యూరీ విచారణ మొదలైంది.

గ్రాండ్ జ్యూరీ రహస్యంగా నడుస్తుంది. సాక్షి లాయరు కూడా లోపలికి రాకూడదు. 'నువ్వు చెప్పేది నీమీద వాడం' అని హామీ ఇచ్చాక, మౌనంగా ఉండే హక్కు పోతుంది. అయినా చెప్పకపోతే జైలు. చట్టం లెక్కలో అది శిక్ష కాదు, ఒత్తిడి మాత్రమే. నోరు తెరిస్తే గేటూ తెరుచుకుంటుంది. లేదంటే 18 నెలల దాకా లోపలే.

జంతు హక్కుల కార్యకర్త జొనాథన్ పాల్ అలా దాదాపు ఐదు నెలలు ఉన్నాడు. అతనిది తోటివాళ్ల పట్ల నిబద్ధత. ఆ తర్వాత 1993 మేలో స్కార్స్ వంతొచ్చింది. ఇతను అదే యూనివర్సిటీలో సోషియాలజీ పరిశోధక విద్యార్థి. తీవ్ర పర్యావరణ ఉద్యమాల మీద అప్పటికే పుస్తకం రాశాడు. తను ఊళ్లో లేనప్పుడు కొరొనాడో అతని ఇంట్లో ఉన్నాడు. కొన్ని ప్రశ్నలకి జవాబిచ్చాడు కూడా. పరిశోధన కోసం నమ్మి చెప్పిన మాటల్ని మాత్రం బయటపెట్టనన్నాడు. అమెరికన్ సోషియలాజికల్ అసోసియేషన్ అతని పక్షాన నిలిచింది. అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు: 1972లో సుప్రీంకోర్టు విలేకరులకే ఇవ్వని మినహాయింపు పరిశోధకుడికి ఎలా ఇస్తాం?

చిత్రం ఏంటంటే, అతన్ని విడిపించింది ఆ మొండితనమే. ఇంకెన్నాళ్లుంచినా చెప్పడని తేలాక, ఒత్తిడి కాస్తా శిక్షగా మారుతుంది. అందుకే అక్టోబరులో జడ్జి వదిలేశాడు. మొత్తం 159 రోజులు.

ఆ ల్యాబుల్లో ఏళ్ల శ్రమ పోగొట్టుకున్నవాళ్లకి నిజం తెలుసుకునే హక్కు లేదా? ఉంది. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. కానీ స్కార్స్ మాట్లాడకపోయినా కొరొనాడో దొరికాడు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో నిప్పంటించిన కేసులో 1995లో 57 నెలల శిక్ష పడింది.

నా పాత రికార్డింగులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. రేపెవరైనా అడిగితే 159 రోజులుండగలనా? అనుమానమే. అందుకే ఇప్పుడు ఎవర్నైనా ఇంటర్వ్యూ చేస్తే, ఆ పాత మాటకి ముందు "నా చేతనైనంత వరకూ" అని కలుపుతున్నాను.