టిప్పు సుల్తాను పిస్తోలు

వడమాలపేట గల చిత్తూరుసీమ హైదరాలీ కర్ణాటక దండయాత్రను 1780 మొదలుకొని చవిచూచినది. అతఁడు 1782 డిసెంబరు 7వ తేదిని చిత్తూరునకు సమీపమున నరసింగరాయనిపేటలో మరణించెను. ఆతని కుమారుఁడగు టిప్పు సుల్తాను కాలపు పిస్తోళ్లు నేఁటికిని ప్రసిద్ధములు.

ఆ ప్రసిద్ధి మారకశక్తివలనఁ గలిగినది కాదు. చెకుముకిరాయి యుక్కుపైఁ దగిలి నిప్పురవ్వలు రాల్పఁగా మందు రగిలి గుండు వెడలును. వానలో మందు తడిసిన నది వ్యర్థము. మరల దట్టించుటకుఁ గాలము పట్టును. గుఱి దగ్గఱిదానికే చెల్లును.

మఱి కీర్తి కేది హేతువు? శ్రీరంగపట్టణపు కర్మశాలల పనితన మొకటి: వెండిపొదుగులు, పులిముఖములు, పులిచారలు. జంటపిస్తోళ్లలో నొకదాని యంత్రమును కుడివైపునను, రెండవదాని యంత్రమును ఎడమవైపునను, బింబప్రతిబింబములవలె నమర్చుట యింకొకటి. 1799 మే 4వ తేదిని కోట పడి సుల్తాను నిహతుఁడు కాఁగా నాయుధములు కొల్లవోయి పెక్కు లింగ్లండు చేరెను. వీరమరణము వానికి విలువ పెంచెను.

ఇందొక వివేచన యావశ్యకము. పులిగుర్తు రాజకర్మశాలకు సాక్ష్యమే గాని సుల్తాను చేతికి సాక్ష్యము గాదు. కాలనిర్ణయమునను జాగరూకత వలయును. ఆయుధములపై 1224 అని యున్నచో నది టిప్పు ప్రవర్తింపఁజేసిన మౌలూదీ సంవత్సరము. అనఁగా సుమారు 1796. దానిని హిజ్రీగాఁ జదివినచో 1809 అగును. సుల్తాను గతించిన పదియేండ్లకుఁ బిస్తోలు పుట్టినట్లు తేలును! వస్తువును వదంతినుండి వేఱుచేయునది యీ గణనయే.