కోదాడ బాటలో ఐదు శాతం: 1802 నాటి వర్తక ఒడంబడిక

రెండు రాజ్యాలు ఒకే శాతం సుంకానికి ఒప్పుకొన్నంత మాత్రాన వాటి మధ్య వర్తకం సమానమవుతుందా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు 1948 వరకు అటువంటి ఒక ఒడంబడిక నీడలోనే జీవించాయి.

ఆ కాలంలో ఈ మూడు ఊళ్ళూ నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లాకు చెందినవి. కోదాడ దాటి తూర్పుగా పోతే ఆంగ్లేయుల ఏలుబడిలోని కృష్ణా జిల్లా. మిర్యాలగూడకు దక్షిణాన కృష్ణానది ఆవలి ఒడ్డు గుంటూరు జిల్లా. సూర్యాపేట, కోదాడల నడుమనున్న మునగాల పరగణా మాత్రం నిజాం భూభాగం మధ్య చిక్కుకొన్న మద్రాసు రాజధాని ముక్క. అందుచేత బెజవాడ నుండి సూర్యాపేటకు బయలుదేరిన బండి ఒకే బాటలో నిజాం రాజ్యంలో ప్రవేశించి, మరల ఆంగ్ల సీమలో కాలు పెట్టి, తిరిగి నిజాం రాజ్యానికి రావలసి వచ్చేది.

ఈ సరిహద్దు అనాదిగా ఉన్నది కాదు. 1759లో సలాబత్ జంగ్ మచిలీపట్నాన్ని ఆంగ్లేయులకు ఇచ్చాడు. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు సర్కారు కంపెనీ వశమయ్యాయి. దానితో దక్కనులోని అతి పెద్ద రాజ్యానికి తీరమే లేకుండా పోయింది. ఇది జరిగిన తరువాతనే, నిజాం అలీ ఖాన్ చివరి రోజుల్లో, 1802లో వర్తక ఒడంబడిక కుదిరింది. ఈ క్రమాన్ని గుర్తుంచుకొంటే గాని ఆ పత్రం అసలు అర్థం బోధపడదు.

పత్రంలోని మాటలు చూస్తే న్యాయంగానే ఉన్నాయి. ఒకరి సరకుపై మరొకరు నూటికి ఐదు మించి సుంకం తీసికోరాదు. మచిలీపట్నం రేవును నిజాం ప్రజలు స్వేచ్ఛగా వాడుకోవచ్చు. నిజాం రాజ్యంలో ఈ సుంకాలు వసూలు చేసే శాఖకు కరోడ్‌గిరి అని పేరు. పాత తరంవారు ఆ మాటను ఇటీవలి వరకు మరువలేదు.

అయితే ఒక పక్షం చేతిలో సముద్రం ఉన్నది, మరొక పక్షం చేతిలో బండ్లబాట మాత్రమే ఉన్నది. ఆంగ్ల ప్రభుత్వం తన రేవులలో దిగుమతి సుంకాన్ని తన ఇష్టానుసారం పెంచుకోగలిగింది. సామాన్య వస్తువులపై ఆ సుంకం 1921లో 11 శాతం, 1922లో 15 శాతం అయింది. లెక్కకు 100 రూపాయల విదేశీ సరకు తీసికొందాం. రేవులో 15 రూపాయలు చెల్లిన తరువాత దాని వెల 115. కోదాడ వైపు సరిహద్దులో దానిపై ఐదు శాతం పడితే 120 రూపాయల 12 అణాలు. జగ్గయ్యపేటవాడు 115కు కొనగలిగిన వస్తువుకు సూర్యాపేటవాడు రెండు సుంకాలు చెల్లించాలి. అందులో పెద్ద భాగం చేరేది అతని రాజ్య ఖజానాకు కాదు. రేవు సుంకంలో తమకూ వాటా కావాలని హైదరాబాదు వంటి సంస్థానాలు పలుమార్లు కోరాయి. 1932 నాటి డేవిడ్సన్ సంఘం ముందు కూడ ఈ వివాదం చర్చకు వచ్చింది.

మచిలీపట్నం హక్కు సంగతి మరొకటి. 1864 తుపానులో ఆ పట్టణం సుమారు ముప్పది వేలమందిని కోల్పోయింది. ఇసుక మేట వలన పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగానే నిలిచేవి. ఒడంబడికలో రేవు నిలిచింది గాని వర్తకం మాత్రం బొంబాయి, మద్రాసులకు తరలిపోయింది.

ఇస్లామీయ చరిత్రలో ఈ విషయం కొత్తది కాదు. ఇమామ్ అబూ యూసుఫ్ తన ‘కితాబుల్ ఖరాజ్’లో తెలిపినట్లు, పరదేశాలలో ముస్లిం వర్తకుల నుండి పదవ వంతు తీసికొంటున్నారని అబూ మూసా అష్అరీ (రజి) వ్రాయగా, వారి వర్తకుల నుండి అంతే తీసికొమ్మని హజ్రత్ ఉమర్ (రజి) ఆదేశించారు. 200 దిర్హములకు లోపు సరకును మినహాయించారు. ఇక్కడ సమానత్వానికి కొలత కాగితం మీది అంకె కాదు, వర్తకుని చేతి నుండి నిజంగా పోయే సొమ్ము. 1802 పత్రంలో లోపించినది సరిగా ఇదే.

తప్పంతా ఆంగ్లేయులదేనని చెప్పడం కూడ న్యాయం కాదు. కరోడ్‌గిరి భారం ఎగుమతులపైనా పడింది. నల్లగొండ మెట్టభూములలో విరివిగా పండే ఆముదాలు సరిహద్దు దాటినా సుంకమే. పండించిన రైతుకు గాని, కొనే పేదకు గాని ఈ నిర్ణయాలలో గొంతు లేదు. దర్బారుకు, రెసిడెన్సీకి మధ్య నడచిన లేఖలలో వారి ఊసు అరుదు.

1947 నవంబరు 29న హైదరాబాదుకు, భారత ప్రభుత్వానికి మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది. కొద్దికాలానికే హైదరాబాదు ప్రభుత్వం భారత నాణెం చెలామణీని నిషేధించి, విలువైన లోహాల ఎగుమతిని కట్టడి చేసింది. ఆవలివైపు నుండి సరకుల రాక సన్నగిల్లింది. అది దిగ్బంధమని హైదరాబాదు ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. భారత ప్రభుత్వం కాదన్నది. పేరేదైనా మందులు, పెట్రోలు కరవయ్యాయి. సెప్టెంబరు 13న బెజవాడ వైపు నుండి కదలిన భారత సైన్యం వచ్చినది కోదాడ, సూర్యాపేటల మీదుగానే. ఎవరి రేవు గుండా మన సరకు రావాలో వారి దయపై మన బజారు ఆధారపడుతుందన్న సత్యం ఆ నెలల్లో సామాన్యునికి కూడ తెలిసివచ్చింది.

1950 ఏప్రిల్ 1న రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ భారత యూనియన్‌లో కలిసింది. మునగాల 1959లో నల్లగొండ జిల్లాలో చేరింది. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు వదలిన తరువాత మిర్యాలగూడ ధాన్యపు మిల్లులకు కేంద్రమైంది. నేడు అక్కడి బియ్యపు లారీని కోదాడ దగ్గర ఎవరూ దేశం మారినందుకు సుంకం అడగరు. కాని సముద్రం లేని చిన్న దేశాలు పెద్ద దేశాలతో ఒప్పందాలకు కూర్చొంటూనే ఉన్నాయి. అటువంటి వారు శాతం ఎంత అని అడగడానికి ముందు, రేవు ఎవరిది, దాని సుంకం పెంచే అధికారం ఎవరిది అని అడగవలసి ఉన్నది. 1802లో హైదరాబాదు దర్బారు ఆ ప్రశ్న అడిగే స్థితిలో లేదు. తీరం అప్పటికే చేజారిపోయింది.