కేబుల్ బాకీ నుంచి యాప్ చందాకు: గుంటూరు, ప్రకాశం మైదానంలో కార్ల పందేల ప్రేక్షకులు

2022 సీజన్‌తో ఫార్ములా వన్ పందేలు మన టీవీల్లోంచి వెళ్లిపోయాయి. ఏళ్ల తరబడి చూపించిన స్టార్ స్పోర్ట్స్ ఆ తర్వాత చూపించలేదు. 2023లో పందేల యాజమాన్యమే తన సొంత ఎఫ్‌వన్ టీవీ ప్రోను ఇండియాలో చందాకు పెట్టింది. 2024, 2025 సీజన్ల హక్కులు ఫ్యాన్‌కోడ్ యాప్‌కు దక్కాయి. రిమోట్ నొక్కితే కనబడిన ఆట, ఫోన్‌లో యాప్ దించుకుని ముందుగా డబ్బు కడితేనే కనబడే ఆట అయింది. ఈ మార్పు మీద గుంటూరులో గానీ ఒంగోలులో గానీ చెప్పుకోదగ్గ అలజడి రేగలేదు. ఇలాంటి మార్పే 2012లో బ్రిటన్‌లో వచ్చినప్పుడు అభిమానులు నానా రభస చేశారు. అక్కడ రభస, ఇక్కడ నిశ్శబ్దం. మన దగ్గర అభిమానులు తక్కువ కాబట్టి అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. ఆ జవాబు అబద్ధం కాదు గానీ, చాలా విషయాలను కప్పేస్తుంది.

ఇక్కడ ఉచితంగా చూసే హక్కు పోలేదు, ఎందుకంటే అది ఎప్పుడూ లేదు. పోయింది కేబుల్ బిల్లు. ఇంటిల్లిపాదికీ ఒకటే బిల్లు, అందులో కార్ల పందెం వాటా ఎంతో ఎవరికీ తెలియదు, చేతిలో డబ్బు లేకపోతే నెల ఆగుతుంది. ఆ బిల్లు ఉన్నన్నాళ్లూ పందెం అనుకోకుండా కంటబడేది. కొత్త అభిమానులు పుట్టింది అలాగే. చందా వచ్చాక పాత అభిమాని ఎలాగోలా దారి వెతుక్కున్నాడు. నష్టపోయింది ఇంకా అభిమాని కానివాడు. తనకేం పోయిందో తనకే తెలియనివాడు గొంతెత్తడు కదా. ఈ వ్యాసంలో గుంటూరు, ప్రకాశం అన్నప్పుడల్లా 2022 ఏప్రిల్ విభజనకు ముందున్న జిల్లాలనే ఉద్దేశిస్తున్నాను. చిలకలూరిపేట, నరసరావుపేట, చీరాల, పర్చూరు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

బ్రిటన్ సంగతి

2009లో ఐటీవీ నుంచి హక్కులు తిరిగి తెచ్చుకున్న బీబీసీకి 2013 దాకా ఒప్పందం ఉంది. ప్రేక్షకులు ఏటా కట్టే లైసెన్సు రుసుము పెంపు ఆగిపోయి ఖర్చు తగ్గించుకోవాల్సి రావడంతో, గడువు తీరకముందే 2011 జులై 29న చందా చానల్ స్కైతో పంపకం ప్రకటించింది. 2012 నుంచి స్కై అన్ని పందేలూ ప్రత్యక్షంగా చూపింది. బీబీసీకి సగం మిగిలాయి. 2016లో ఆ సగం చానల్ 4కు వెళ్లింది. 2019 నుంచి బ్రిటిష్ గ్రాండ్ ప్రీ తప్ప తక్కిన ప్రత్యక్ష ప్రసారమంతా స్కైదే. జర్మనీలో 1991 నుంచి చూపిస్తూ వచ్చిన ఆర్‌టీఎల్ 2020తో సీజన్ మొత్తాన్ని చూపడం ఆపేసింది. ఇటలీలో 2013లోనే స్కై అడుగుపెట్టింది.

బ్రిటిష్ అభిమాని కోపానికి పునాది లైసెన్సు రుసుము. ఏటా రుసుము కడుతున్నాం, మా డబ్బుతో కొన్న ఆటను మళ్లీ మాకే అమ్ముతారా అని అడగడానికి అతనికి ఒక పత్రం, ఒక అలవాటు, ఒక చిరునామా ఉన్నాయి. మన ప్రేక్షకుడికి ఈ మూడింట్లో ఏదీ లేదు.

జాబితాలో లేని ఆట

మన దేశంలో ఆటల ప్రసారం మీద చట్టం మాట్లాడింది ఎక్కువగా క్రికెట్ గురించే. 1993 హీరో కప్ క్రికెట్ ప్రసార వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లి 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అన్న సూత్రం స్థిరపడింది అక్కడే. ఆ ధర్మాసనంలో విడిగా తీర్పు రాసినవారిలో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. 2004 పాకిస్థాన్ పర్యటన అప్పుడు టెన్ స్పోర్ట్స్, దూరదర్శన్ మధ్య అదే పేచీ మళ్లీ కోర్టుకెక్కింది. చివరికి 2007లో చట్టం వచ్చింది. జాతీయ ప్రాముఖ్యం ఉన్నవని కేంద్రం ప్రకటించిన ఆటల సంకేతాలను ప్రసారభారతితో పంచుకోవాలి. టీవీ ప్రకటనల ఆదాయంలో కనీసం 75 శాతం హక్కుదారుకి, మిగతాది ప్రసారభారతికి.

ఆ జాబితాలో కార్ల పందెం లేదు. 2011 అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రీ జరిగింది. 2012, 2013లో కూడా జరిగింది. మన గడ్డ మీద జరిగినా సంకేతం పంచుకోవాలన్న బాధ్యత ఎవరికీ లేదు. అంతకు రెండేళ్ల ముందే కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ ఇది క్రీడ కాదు, వినోదం అన్న వైఖరి తీసుకుంది. 2005లో జోర్డాన్ జట్టు కారెక్కిన నరేన్ కార్తికేయన్ అదే ఏడు అమెరికా పందెంలో నాలుగో స్థానంలో వచ్చి అయిదు పాయింట్లు సంపాదించాడు. అతను ఆడినది ఆట అవునో కాదో సర్కారుకే అనుమానం. ఆరోజు టైర్ల గొడవ వల్ల ఆరు కార్లే పరిగెత్తాయన్నది వేరే సంగతి.

జాబితాలో ఉన్న ఆట గతి మాత్రం గొప్పగా ఉందా అంటే అదీ లేదు. అలా పంచుకున్న సంకేతాన్ని ప్రసారభారతి తన సొంత ప్రసారంలో, సొంత ఉచిత డీటీహెచ్ అయిన ఫ్రీ డిష్‌లో మాత్రమే వాడుకోవాలని, ప్రైవేటు కేబుల్ ద్వారా వెళ్లకూడదని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. నెల నెలా కేబుల్‌కు కట్టే ఇంట్లో దూరదర్శన్‌లో రాని మ్యాచ్, పక్కింటి డాబా మీద ఫ్రీ డిష్ గొడుగు ఉన్నవాడికి పైసా లేకుండా వస్తుంది. ఈ తిరకాసు విడమరిచి చెప్పినా నమ్మనివాళ్లను చూశాను.

కల్లం, కమీషన్, కేబుల్

ఈ మైదానంలో డబ్బు నెల నెలా రాదు. పత్తి తీతలు అక్టోబరులో మొదలై సంక్రాంతి దాటేదాకా సాగుతాయి. మిర్చి కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా. కాయ కల్లంలో ఎండాలి, తాలు ఏరాలి, బస్తాలకెత్తాలి, గుంటూరు యార్డుకు చేరాలి. ఎండాకాలం యార్డుకు సెలవులిస్తే అమ్మని సరుకు కోల్డ్ స్టోరేజీలో పడుంటుంది. విత్తనం, ఎరువు, పురుగుమందు అన్నీ అప్పు మీదే వస్తాయి. కమీషన్ వ్యాపారి దగ్గర పెట్టుబడి తెచ్చుకున్న రైతు పంట ఆయన కొట్టుకే వేస్తాడు. ఇంత అప్పు మీద నడిచే ఊళ్లో కేబుల్ బిల్లు కూడా అదే దారిలో నడిచింది. ఆపరేటర్ ఊరివాడే, వరసకు బాబాయో బావో అవుతాడు. వందో నూటయాభయ్యో వసూలుకు వస్తే, "కాయ అమ్మినాక ఇస్తాలే అబ్బాయ్" అంటే చిట్టా పుస్తకంలో రాసుకుని వెళ్లేవాడు. వైరు కోసేంత తెగింపు అరుదు. రేపు అతనూ ఆ ఇంటికే పెళ్లిపిలుపుకు పోవాలి.

ఆ వైరులోనే స్టార్ స్పోర్ట్స్ వచ్చేది. యూరప్‌లో మధ్యాహ్నం రెండింటికి మొదలైన పందెం వేసవిలో మనకు ఆదివారం సాయంత్రం అయిదున్నరకు పడేది. పనికి సెలవు, సినిమా మొదలుకాని వేళ. చానళ్లు తిప్పుతుంటే ఎర్రకారు కనబడేది. వ్యాఖ్యానం ఇంగ్లిష్‌లో, తెలిసిన పేరు షూమాకర్ ఒక్కటే. అయినా ఇద్దరు కుర్రాళ్లు అక్కడ ఆగిపోయేవాళ్లు. జాతీయ రహదారి పక్కన మెకానిక్ షెడ్లలో, టైర్ల కొట్లలో పనిచేసే పిల్లలకు పిట్‌స్టాప్‌లో టైరు మార్చడం రెండు మూడు సెకన్ల ఇంద్రజాలం. తమ పనిని అంత వేగంగా, అంత గౌరవంగా చేసేవాళ్లు లోకంలో ఉన్నారని తెలియడం చిన్న విషయం కాదు. ఈ ప్రేక్షకుణ్ణి ఏ హక్కుల ఒప్పందమూ లెక్కలోకి తీసుకోలేదు. అతను చందాదారు కాడు, అభిమాన సంఘంలో సభ్యుడూ కాడు.

తెగిన ముడులు

అలాంటి ప్రేక్షకుణ్ణి పందేనికి కలిపిన మొదటి ముడి 2019లో తెగింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరల విధానం 2018 డిసెంబరు 29న అమల్లోకి వచ్చి, 2019 ఫిబ్రవరికల్లా ఇళ్లకు చేరింది. వంద చానళ్లకు పన్నులు కాక 130 రూపాయలు, ఆపైన కావలసిన పే చానల్‌కు విడి ధర. కోరుకున్నదానికే డబ్బు కట్టు అన్నది వినడానికి న్యాయంగానే ఉంది. కానీ కోరుకోవాలంటే ముందు తెలిసి ఉండాలి. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ల చానళ్లు మిగిలాయి. ఈటీవీ, మాటీవీ, జెమినీ, జీ తెలుగు ముందు వరసలో నిలబడ్డాయి. ఇంగ్లిష్ వ్యాఖ్యానం నడిచే ఆటల చానల్ అడిగి పెట్టించుకోవలసినది అయింది. అదే కాలంలో చిట్టా పుస్తకం పోయి ప్రీపెయిడ్ వచ్చింది. గడువు దాటితే ఊరి ఆపరేటర్‌తో పనిలేకుండా బాక్సు తనంతట తానే ఆగిపోతుంది. "నా చేతిలో ఏం లేదు బాబాయ్, సిస్టంలోంచే ఆగిపోద్ది" అన్న ఆపరేటర్ మాటలో నిజమెంతో, తప్పించుకోవడం ఎంతో నేను తూకం వెయ్యలేదు. రెండూ ఉంటాయి.

2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ కలిపి ఇస్తామంది. ఈ పథకం ఊరికి వైరు తెచ్చింది గానీ పందెం హక్కులు తేలేదు. గొట్టం సర్కారుది, నీళ్లు మరొకరివి.

రెండో ముడి 2023లో తెగింది. పందెం టీవీనే వదిలేసింది. ఆన్‌లైన్ చెల్లింపు, ఇమెయిల్ ఖాతా, సీజన్ మొత్తానికో పందేనికో ముందస్తు చందా కావాలి. బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉద్యోగం చేసే అభిమానికి ఇది పెద్ద భారం కాదు, పైగా బొమ్మ నాణ్యత మెరుగైంది కూడా. అతని స్పందన సణుగుడుతో ఆగిపోతుంది. ఊళ్లో ఉన్నవాడు స్నేహితుడి పాస్‌వర్డ్ అడుగుతాడు, దొంగ లింకు వెతుకుతాడు, లేదా మర్నాడు యూట్యూబ్‌లో ఫార్ములా వన్ వాళ్లే పెట్టే కొద్ది నిమిషాల ముఖ్యాంశాలు చూస్తాడు. అప్పటికి ఎవరు గెలిచిందీ వాట్సాప్‌లో వచ్చేసి ఉంటుంది. కొత్తవాళ్లను ఇప్పుడు తెస్తున్నది 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన డ్రైవ్ టు సర్వైవ్ ధారావాహిక. అదీ చందా గుమ్మం లోపలిదే. అభిమాని కావడానికి ఒక చందా, అయ్యాక చూడటానికి మరొకటి.

రాయుడి వీడ్కోలు, రషీద్ అరంగేట్రం

చందా ఆటను ఎలా మారుస్తుందో చూడాలంటే క్రికెట్ దగ్గరే ఆగాలి, గుంటూరు మనుషుల పేర్లు అక్కడున్నాయి కాబట్టి. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు చెన్నై జట్టు తరఫున తన చివరి ఐపీఎల్ ఫైనల్ 2023 మే నెలాఖరులో ఆడాడు. వానవల్ల మర్నాటికి జరిగి అర్ధరాత్రి దాటాక ముగిసిన ఆ పోటీని జియోసినిమా ఉచితంగా చూపింది. చవక డేటా ఉన్న ఎవరి ఫోన్‌లోనైనా వచ్చింది. 2025 ఏప్రిల్ 14న అదే చెన్నై జట్టు తరఫున గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ లక్నోలో తొలి ఐపీఎల్ మ్యాచ్ ఆడి 27 పరుగులు చేశాడు. అప్పటికి జియోసినిమా, హాట్‌స్టార్ కలిసిపోయి రెండు నెలలయింది, ఉచితం ముగిసింది. అయినా జియో 299 రూపాయల రీచార్జితో యాప్ కలిపి ఇచ్చింది. జనం దాన్ని చందా అనుకోలేదు, రీచార్జి అనే అనుకున్నారు. పాత కేబుల్ బిల్లు వేరే వేషంలో తిరిగొచ్చిందన్నమాట. క్రికెట్‌కు ఆ వేషం వేసే స్తోమత ఉంది. కార్ల పందేనికి ఇక్కడ అలాంటి అండ లేదు.

మన నేల మీదికి వచ్చిన పందెమూ నిలబడలేదు. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న జరిగిన ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా-ఈ పందెం తెలుగునేల మీద ఆ రకం ప్రపంచ పోటీకి మొదటిది. 2.83 కిలోమీటర్ల వీధి మార్గంలో జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో జరగాల్సింది ప్రభుత్వం మారాక 2024 జనవరిలో రద్దయింది. ఆ ఒక్క శనివారం కార్ల శబ్దం కంటే రోడ్ల మూసివేత మీద వచ్చిన విసుగే ఎక్కువ వినబడింది. ఒక్కసారి జరిగి ఆగిన పండగ అలవాటు కాదు.

ఉచితంగా మిగిలిన పందెం

ఇదే మైదానంలో ప్రత్యక్ష ప్రసారం పూర్తి ఉచితంగా నడుస్తున్న పోటీ ఒకటుంది: ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు. సంక్రాంతికి, శివరాత్రి తిరునాళ్లకు, ఊరి దేవుడి ఉత్సవానికి పోటీలు పెడతారు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్ అంటూ విభాగాలు. ఇచ్చిన నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. యూట్యూబ్‌లో గంటల తరబడి లైవ్ వస్తుంది. మైకులో వ్యాఖ్యాత జత పేరు, యజమాని పేరు, ఊరి పేరు, బహుమతి ఇచ్చిన దాత పేరు చదువుతూనే ఉంటాడు. పొద్దున దుక్కి దున్నినవాడు, గల్ఫ్‌లో క్రేన్ నడిపేవాడు, డల్లాస్‌లో కోడు రాసేవాడు ఒకే తెర ముందు ఉంటారు. జంతుహింస అన్న అభ్యంతరం గట్టిదే, చెర్నాకోల దెబ్బను సంప్రదాయం అన్న మాటతో కడిగెయ్యలేం. కానీ ప్రసార అర్థశాస్త్రం దృష్టితో చూస్తే ఇక్కడ ప్రేక్షకుడు కొనేవాడు కాదు. ఖర్చు దాతది, పేరు కూడా దాతదే. ఎంత ఎక్కువమంది చూస్తే అంత పేరు, కాబట్టి గుమ్మానికి తలుపు పెట్టే ఆలోచన ఎవరికీ రాదు.

ఫార్ములా వన్ యజమానికి పేరు అక్కర్లేదు, అది ఇప్పటికే ఉంది. కావలసింది చందా. 2007 చట్టం జాబితాలో చేర్చినంత మాత్రాన ఈ తేడా పోదు. ప్రత్యక్షం చందాకే ఉంచుకుని, ఆలస్యంగానైనా పందెం మొత్తాన్ని ఫ్రీ డిష్‌లో చూపే ఏర్పాటు అడగవచ్చు. బ్రిటన్‌లో చానల్ 4 ముఖ్యాంశాలతో దాదాపు ఆ పనే చేస్తోంది. కాకపోతే ఆ మాట అడగాల్సింది ఇవాళ్టి అభిమాని కాదు, అతనికి ఫోన్‌లో ఫలితం ముందే వచ్చేస్తుంది. చిలకలూరిపేట టైర్ల కొట్టులో పనిచేసే పదహారేళ్ల పిల్లవాడి తరఫున ఎవరో అడగాలి. అలా అడిగే సంఘం ఈ రెండు జిల్లాల్లో ఇంకా పుట్టలేదు.