పట్టా ఎంత దూరం చెల్లుతుంది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఒక విద్యార్థి న్యాయశాస్త్రం చదువుతానంటే ఇంట్లో పెద్దలు రెండు ప్రశ్నలు వేస్తారు. ఎక్కడ చదువుతావు? తరువాత ఎక్కడ స్థిరపడతావు? వీటిని మనం వేర్వేరు ప్రశ్నలుగా భావిస్తాము. కాని మన ప్రాంతపు న్యాయవాదుల చరిత్రను పరిశీలిస్తే, మొదటి ప్రశ్నకు చెప్పే సమాధానమే చాలాసార్లు రెండవదాన్ని కూడా నిర్ణయించిందని తెలుస్తుంది.

మద్రాసు హైకోర్టు 1862లో ఏర్పడింది. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్ల చట్టం కింద న్యాయవాదులలో తరగతులుండేవి. ఇంగ్లండు, ఐర్లండులలో చదివి వచ్చిన బారిస్టర్లది పైమెట్టు. మద్రాసులో బి.ఎల్. చదివి హైకోర్టు వకీళ్లయినవారిది తరువాతి స్థానం. పరీక్ష రాసి సన్నదు పొందిన ప్లీడర్లు కింది కోర్టులకే పరిమితం. కన్యాశుల్కం చదివినవారికి ఈ వకీళ్ల అంతరాలు కొత్త కావు. ఒకే కోర్టు ఆవరణలో, ఒకే దావాలో ఎదురెదురుగా నిలబడినా వారి కాగితాలు చెల్లే దూరాలు మాత్రం వేరు. ప్లీడరు సన్నదు హైకోర్టు గడప దాటదు. హైకోర్టు వకీలు తన హైకోర్టు పరిధిలో దర్జాగా తిరగగలడు గాని, మరొక హైకోర్టులో స్థిరపడాలంటే అక్కడి నియమాలను దాటుకోవాలి. బారిస్టరు పట్టాకు సామ్రాజ్యమంతటా మర్యాద ఉండేది.

ఇక చదువుకునే చోటు సంగతి. విజయనగరం మహారాజా కళాశాలకు ఆ కాలంలోనే పై తరగతి హోదా వచ్చింది. అందువలన మన పిల్లలు బి.ఎ. వరకు ఇక్కడే చదువుకోగలిగారు. బి.ఎల్. కావాలంటే మాత్రం మద్రాసు పోవలసిందే. అక్కడి లా కాలేజీ 1891లో ఏర్పడింది. శ్రీకాకుళం నుంచి అది దాదాపు 900 కిలోమీటర్ల దూరం. అంత దూరం పోయినవాడికి లభించినది పట్టా ఒక్కటే కాదు. హైకోర్టు కళ్లెదుట ఉండేది. పెద్ద వకీళ్ల దగ్గర జూనియరుగా చేరే దారి తెలిసేది. సహాధ్యాయులే తరువాత మునసబులు, జడ్జీలు అయ్యేవారు. ఇంటి దగ్గరే ఉండి ప్లీడరు పరీక్ష రాసినవాడికి ఈ పరిచయాలు లేవు. అయితే ఊరి కక్షిదారులు, ఊరి భూములు, ఊరి భాష అతని చేతిలో ఉండేవి.

ఈ తేడా ఎంతటిదో టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితం చెబుతుంది. రాజమండ్రిలో సెకండు గ్రేడు ప్లీడరుగా ఆయన బాగానే ఆర్జించారు. అయినా హైకోర్టు తలుపు ఆయనకు మూసే ఉంది. 1904లో ఇంగ్లండు వెళ్లి, బారిస్టరై తిరిగి వచ్చి, మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. మనిషి అతడే, తెలివీ అదే. మారినది పట్టా ఇచ్చిన చోటు.

దీనికి ఎదురు ఉదాహరణ మన పక్కనే ఉంది. వరాహగిరి వెంకటగిరి 1894లో బరంపురంలో జన్మించారు. అది నాటి గంజాం జిల్లా. నేటి శ్రీకాకుళం కూడా అందులోనిదే. తండ్రి జోగయ్య పంతులుగారు అక్కడే పేరున్న వకీలు. కుమారుడు 1913లో డబ్లిన్ వెళ్లి, అక్కడి యూనివర్సిటీ కాలేజీలోను, కింగ్స్ ఇన్స్‌లోను చదివి, 1916లో బారిస్టరై వచ్చారు. మద్రాసు హైకోర్టులో నమోదయ్యారు. ఎంతో దూరం చెల్లే పట్టా చేత బట్టుకొని, తండ్రి ప్రాక్టీసు చేసిన బరంపురంలోనే పని మొదలుపెట్టారు. కొద్దికాలానికే సహాయ నిరాకరణోద్యమంలో వకాలతు వదిలి, రైల్వే కార్మికుల పక్షాన నిలిచారు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించింది ఆయనే. ఆ విజయం తెచ్చింది డబ్లిన్ పట్టా అని ఎవరూ అనలేరు. ఐరిష్ ఉద్యమాన్ని దగ్గరగా చూసిన అనుభవం, కార్మికుల మధ్య గడిపిన ఏళ్లు ఆయనకు వేరే దారి చూపాయి.

పట్టా స్థిరంగా ఉన్నా కోర్టు స్థిరంగా ఉండదని 1936 నేర్పింది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం అటు పోయింది, పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. బరంపురం అప్పీళ్లు మద్రాసు వదిలి పాట్నా హైకోర్టు పరిధిలోకి వెళ్లాయి. ఆ న్యాయమూర్తులు కటకంలో సర్క్యూటు కోర్టు నడిపేవారు. 1948లో గాని ఒరిస్సాకు సొంత హైకోర్టు రాలేదు. మద్రాసులో ఒకే బల్ల మీద చదువుకున్న ఇద్దరిలో ఒకరికి ఆ స్నేహాలు పనికివచ్చాయి. మరొకరికి అవి ఒక్కసారిగా దూరమయ్యాయి.

ఇచ్ఛాపురం వైపు మిగిలినవారికీ స్థిరత్వం దక్కలేదు. వారి హైకోర్టు 1954లో గుంటూరుకు, 1956లో హైదరాబాదుకు, 2019లో అమరావతికి మారింది. అరవై అయిదేళ్లలో మూడు మార్పులు!

1961 నాటి అడ్వొకేట్ల చట్టం తరగతులను రద్దు చేసింది. దేశంలో ఎక్కడైనా వాదించే హక్కునిచ్చే దాని 30వ సెక్షను మాత్రం 2011లో గాని అమలుకు రాలేదు. నేడు చట్టం దృష్టిలో అన్ని గుర్తింపు పొందిన కళాశాలల పట్టాలూ సమానమే. కాని ముంబయి, ఢిల్లీలలోని పెద్ద న్యాయసంస్థలు నియామకాలకు మొదట చూసేది కళాశాల పేరునే. 1987లో బెంగుళూరులో, 1998లో హైదరాబాదులో నల్సార్‌గా, 2008లో విశాఖలో దామోదరం సంజీవయ్య పేరిట వెలసిన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు ఈ కొత్త అంతరానికి గుర్తులు. పాత కాలంలో చట్టం గీసిన గీతను నేడు ఉద్యోగాలిచ్చేవారు గీస్తున్నారు, అంతే తేడా.

నాకు అర్థమైనంతవరకు చరిత్ర చెప్పేది ఇది. మనల్ని ఎవరూ ఎరగని చోట కళాశాల పేరే మన పరిచయపత్రం. ఎరిగిన చోట దాని విలువ తగ్గి, సీనియరు దగ్గర నేర్చిన పని, కక్షిదారు చెప్పేది అతని యాసలో అర్థం చేసుకునే చెవి, పాత దస్తావేజులు చదవగల ఓపిక ముందుకు వస్తాయి. పాలకొండ కోర్టులోనో, చీపురుపల్లి కోర్టులోనో వాదించదలచినవాడు పేరు కోసం అప్పు చేసి దూరం పోవడం ఎంత అనవసరమో, ముంబయిలో స్థిరపడదలచినవాడు ఏ కళాశాలైనా ఒకటే అనుకోవడం అంత ప్రమాదకరం. ప్రవేశానికి ముందు "మీ దగ్గర చదివినవారు ఇప్పుడు ఏయే ఊళ్లలో, ఏయే కోర్టులలో ఉన్నారు?" అని కళాశాలను అడగండి. ఫీజు ఎంత అన్నదానికంటే ఇది పెద్ద ప్రశ్న.

ఇచ్ఛాపురం, టెక్కలి, పార్వతీపురం బార్ల పాత సంగతులు తెలిసిన మిత్రులు ఎవరైనా ఉంటే రాయవలసిందిగా కోరుతున్నాను. ఆ తరం ప్లీడర్ల కథలు మనం రాసుకోకపోతే మరెవరు రాస్తారు?