విర్గో రేవు

స్పిట్స్‌బెర్గెన్ వాయవ్యపు కొసన, 79వ ఉత్తర అక్షాంశానికి ఆవల, డేన్స్ దీవి ఉన్నది. దాని ఉత్తరపు ఒడ్డున ఒక చిన్న రేవు. ఎదుట ఆమ్‌స్టర్‌డాం దీవి. 17వ శతాబ్దిలో డచ్చివారు తిమింగలాల కొవ్వు కాచి నూనె తీసిన స్మీరెన్‌బర్గ్ అక్కడిదే. ఆ పేరుకు 'కొవ్వుపట్నం' అని అర్థం.

1896లో స్వీడను ఇంజనీరు ఆంద్రే 'విర్గో' అనే ఓడలో ఈ రేవుకు వచ్చినాడు. ఆ ఓడ పేరే రేవుకు నిలిచింది. గాలిగుమ్మటంలో ధ్రువం మీదుగా పోవాలని ఆయన సంకల్పం. ఇనుప రజనుమీద గంధకికామ్లం పోసి, కావలసిన ఉదజనిని ఒడ్డునే తయారు చేసినారు.

గాలితోపాటు అదే వేగంతో పోయే గుమ్మటాన్ని మళ్లించడం ఎట్లా? ఏటివాలున ఊరక కొట్టుకుపోయే పడవకు చుక్కాని పనిచేయదు కదా! అందుకని ఆంద్రే బరువైన మోకులను మంచుమీద ఈడ్చుకొంటూ పోయే ఏర్పాటు చేసినాడు. మోకుల రాపిడికి గుమ్మటం గాలికంటె వెనుకబడుతుంది. అప్పుడు తెరచాపకు గాలి తగిలి, కొంతవరకు దారి మార్చవచ్చును. ఊహ తెలివైనదే.

ఆ యేడు దక్షిణపు గాలి వీచనేలేదు. ఎదురుచూస్తున్న ఆ రోజులలో, సహచరుడైన వాతావరణ శాస్త్రజ్ఞుడు నీల్స్ ఎక్‌హోమ్ ఉదజని ఎంత కారిపోతున్నదో లెక్కగట్టినాడు. పట్టుబట్ట కుట్లలోని సూది బెజ్జాలగుండా వాయువు పోతూనే ఉన్నది. ఆంద్రే ఆశించినట్లు 30 రోజులు గాలిలో నిలవడం కల్ల. ఎక్‌హోమ్ యాత్రనుంచి తప్పుకొన్నాడు. పిరికితనమని అన్నవారు లేకపోలేదు. అంకెలు మాత్రం ఆయన పక్షాననే ఉన్నవి.

ఆయన స్థానంలో ఫ్రెంకెల్ చేరినాడు. మూడవవాడు స్ట్రిండ్‌బర్గ్. 1897 జులై 11న గుమ్మటం లేచింది. లేస్తూండగానే మోకుల అడుగుభాగాలు మరలు ఊడి ఒడ్డున పడిపోయినవి! గుమ్మటాన్ని మళ్లించే సాధనం రేవు దాటకముందే చాలవరకు పోయింది. బరువు తగ్గి, గుమ్మటం అనుకొన్నదానికంటె చాల ఎత్తుకు పోయింది. తరువాత మంచుపొగమంచుల తడి గడ్డకట్టి దానిని క్రిందికి లాగింది. జులై 14న, 83వ అక్షాంశానికి కొంచెం ఇవతల, మంచుమీద దిగక తప్పలేదు.

ముగ్గురూ బండ్లు లాగుతూ నడిచినారు. అక్టోబరులో అదే ద్వీపసమూహపు తూర్పుకొసనున్న తెల్లదీవి చేరినారు. వారి అవశేషాలు 1930లో బయటపడినవి. ఫిల్ములు కూడ దొరికినవి. 33 ఏండ్లు మంచులో ఉన్నా, 93 బొమ్మలు తేలినవి. ఒకదానిలో ఒరిగిన గుమ్మటాన్ని ఇద్దరు మనుష్యులు నిలిచి చూస్తున్నారు.

రేవులో ఇప్పటికీ కలపముక్కలు చెల్లాచెదరుగా ఉన్నవి. వాటిలో అధికభాగం ఆ తరువాత వచ్చి, 1907లోను 1909లోను వాయునౌకలో బయలుదేరి తిరిగివచ్చిన అమెరికన్ వెల్‌మన్ కట్టిన కొట్టానివి. గవర్నరు అనుమతి లేనిదే అక్కడ కాలు మోపరాదు.