భోగి మంటకు పనికిరాని పెట్టె

ఈ ఏడాది భోగికి విజయవాడ వెళ్ళినప్పుడు అమ్మ నాకొక పని పెట్టింది. ఏళ్ళ తరబడి అటక మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న నాన్న కంప్యూటర్‌ని దింపించి ఇంట్లోంచి పంపించెయ్యాలి. "పాత చాపలూ విరిగిన కుర్చీలూ అన్నీ మంటలో పడుతున్నాయి. దీనికి మాత్రం ముక్తి లేదా?" అని ఆమె గొడవ. నాన్న ఏమీ మాట్లాడలేదు. పేపరు కొంచెం పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

1999లో గవర్నర్‌పేటలో నాన్న డీటీపీ షాపు పెట్టినప్పుడు కొన్న మెషీను అది. పెంటియం ప్రాసెసరు, విండోస్ 98, పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఇద్దరు పట్టుకుంటే గానీ కదలని మానిటరు. పెళ్ళి శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, మధ్యమధ్యలో కొందరు కవుల మొదటి పుస్తకాలు ఆ పెట్టెలోంచే ప్రెస్సుకి వెళ్ళాయి.

పాత సామాన్ల బండి అతను వచ్చాడు. సీపీయూని ఒంటిచేత్తో ఎత్తి బరువు చూశాడు. "మూడొందలిస్తానండి. మానిటరు ఊరికే ఇచ్చినా నాకొద్దు."

"ఎందుకొద్దు?"

"గాజే గదండీ. గాజుకి రేటేముంది?"

"మరి ఈ సీపీయూని ఏం చేస్తారు?"

"ఇనుము ఇక్కడే పోద్ది. వైర్లలో రాగి వేరు, అల్యూమినియం వేరు. బోర్డులు మా సేటు పోగేసి ఢిల్లీ లారీకెక్కిస్తాడు."

"ఢిల్లీలో?"

"అది నాకు తెలవదండి."

అతని కథ ఆగినచోట నా చదువు మొదలైంది. ఆ రోజు బేరం వాయిదా వేశాను.

చెత్త ఊళ్ళు దాటడం కొత్త కాదు. సముద్రాలు దాటడం మాత్రం మన కాలపు సంగతి. 1986లో ఫిలడెల్ఫియా నగరం తన చెత్తను కాల్చగా మిగిలిన బూడిదని ఖియాన్ సీ అనే ఓడకెక్కించి పంపింది. దాదాపు 14,000 టన్నులు. ఏ దేశమూ దించుకోనివ్వలేదు. 1988 మొదట్లో హైతీలో గొనాయివ్ తీరాన ఎరువని చెప్పి సుమారు 4,000 టన్నులు పోసేసి వెళ్ళిపోయారు. తర్వాత ఆ ఓడ పేర్లు మార్చుకుంటూ తిరిగింది. చివరికి ఖాళీగా తేలింది. మిగతా బూడిద సముద్రం పాలైంది. అదే ఏడాది నైజీరియాలోని కోకో అనే చిన్న రేవు ఊళ్ళో ఇటలీ నుంచి వచ్చిన విషపు పీపాలు బయటపడ్డాయి. ఈ రెండు గొడవల వేడిలోనే 1989 మార్చిలో బాసెల్ ఒప్పందం పుట్టింది. ప్రమాదకరమైన చెత్తను ఒక దేశం ఇంకో దేశానికి పంపాలంటే ముందే చెప్పాలి, వాళ్ళ ఒప్పుకోలు తీసుకోవాలి. 1992లో అమల్లోకి వచ్చింది. భారతదేశం చేరింది. అమెరికా సంతకం పెట్టింది కానీ ఈనాటికీ ధ్రువీకరించలేదు.

అయితే బూడిదకీ కంప్యూటర్‌కీ ఒక తేడా ఉంది. బూడిదని ఎవరూ కొనరు. కంప్యూటర్ చెత్తయినా సరుకే. బంగారు గనిలో టన్ను ఖనిజానికి 5 గ్రాములు దొరికితే మంచి గని అంటారు. టన్ను సర్క్యూట్ బోర్డుల్లో 200 గ్రాముల వరకూ ఉంటుంది. అందుకే దీన్ని ఎవరి నెత్తినా బలవంతంగా రుద్దక్కర్లేదు. కొనేవాడు తనంతట తనే వస్తాడు. విషమూ విలువా ఒకే పలక మీద టంకం వేసి ఉన్నాయి. విలువ తీసుకునేవాడు విషం కూడా తీసుకోవాలి. మా బండి అతను మానిటరు వద్దనడంలో ఆ లెక్కంతా ఉంది. ఆ గాజులో కిలోల లెక్కన సీసం ఉంటుంది, బంగారం ఉండదు.

2002లో బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్, సిలికాన్ వ్యాలీ టాక్సిక్స్ కొయలిషన్ కలిసి ఒక నివేదిక వేశాయి. పశ్చిమ అమెరికాలో రీసైక్లింగ్ కోసమని పోగైన ఎలక్ట్రానిక్ చెత్తలో 50 నుంచి 80 శాతం ఆసియాకి పోతోందని ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళే వేసిన అంచనా అందులో ఉంది. దానితో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని గుయు అనే ఊరు ప్రపంచానికి తెలిసింది. ఒకప్పుడు వరి పండిన ఊరు. బొగ్గు కుంపట్ల మీద బోర్డులు వేడిచేసి చిప్పులు ఊడదీసేవాళ్ళు. నది ఒడ్డున ఆసిడ్‌లో ముంచి బంగారం తీసేవాళ్ళు. తాగే నీళ్ళు బయటి నుంచి లారీల్లో రావాల్సి వచ్చింది. చైనా 2000లోనే ఈ దిగుమతుల్ని నిషేధించింది, కాగితం మీద. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆ ఊరి చిన్నపిల్లల్లో నూటికి 80 మందికి పైగా రక్తంలో సీసం ఉండాల్సిన దానికన్నా ఎక్కువ తేలింది.

ఆ తారీఖుల దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మన సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 నవంబరులో. వైటూకే పని మీద మన ఊళ్ళ నుంచి ఎంతమంది విమానం ఎక్కారో అందరికీ తెలుసు. ఆ భయంతోనే అక్కడి కంపెనీలు కొన్ని మెషీన్లని బాగుచేయించుకున్నాయి, కొన్నిటిని మార్చేశాయి. బాగుచేయడానికి మనవాళ్ళు అటు వెళ్తున్న ఏళ్ళలోనే, మార్చేసిన పెట్టెలు ఇటు రేవులకి వస్తున్నాయి. మనం మొదటి ప్రయాణాన్నే చరిత్రగా రాసుకున్నాం. రెండోది లారీలవాళ్ళకీ సేట్లకీ వదిలేశాం.

ఢిల్లీలో సీలంపూర్ ఉంది. అక్కడ విడదీస్తారు. విడదీసిన బోర్డులు చాలావరకు మొరాదాబాద్ చేరేవి. ఇత్తడి సామాన్లకి పేరున్న ఊరు, తరతరాలుగా లోహం కరిగించడం తెలిసిన చేతులు. ఇత్తడి పని తగ్గి, ఆ చేతులు బోర్డుల వైపు తిరిగాయి. బోర్డుల్ని కాల్చి, ఆ బూడిదని రామగంగ ఒడ్డున కడిగి లోహం ఏరేవాళ్ళు. రాగి కోసం వైర్ల మీది ప్లాస్టిక్ కాల్చే పొగలో డయాక్సిన్లు ఉంటాయి. అమ్మ అడిగిన ముక్తి ఇదే. మా పెట్టె మా వీధి మంటలో పడకపోయినా ఇంకో వీధి మంటలో పడుతుంది. అక్కడ భోగి ఒక్కరోజు పండగ కాదు.

చట్టం లేదా అంటే ఉంది. వస్తువు తయారుచేసినవాడే దాని చావు ఖర్చు కూడా భరించాలన్న ఆలోచనకి 1990లో స్వీడన్‌లో థామస్ లిండ్‌క్విస్ట్ పేరుపెట్టాడు. మన దగ్గర అది 2011 నిబంధనల్లోకి వచ్చి 2012 మే నుంచి అమలైంది. 2016లో మారింది, 2022లో మళ్ళీ మారింది. ఇప్పుడు కంపెనీలు రిజిస్టరైన రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొని తమ లెక్క చూపించాలి. మంచిదే. కానీ ఆ లెక్కలో మా బండి అతనికి గడి లేదు. గుమ్మం దాకా వచ్చి, బరువు చూసి, రేటు చెప్పేది అతనొక్కడే. ప్రపంచం మొత్తం మీద 2022లో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పుడితే, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే.

రాత్రి ఇదంతా నాన్నకి చెప్పాను. విని, "హార్డ్ డిస్కు మాత్రం ఇవ్వకమ్మా" అన్నారు.

నేను డేటా దొంగతనం గురించి అనుకున్నాను. ఆ భయమూ నిజమే. ఫార్మాట్ కొట్టినంత మాత్రాన ఫైళ్ళు పోవు, వాటి చిరునామాలు పోతాయంతే. 2009లో ఘనా బజారులో విలేఖరులు కొన్న ఒక పాత డిస్కులో అమెరికా రక్షణ కాంట్రాక్టుల కాగితాలు దొరికాయి. డిస్కుని పూర్తిగా తిరగరాయాలి, లేదా పగలగొట్టాలి.

నాన్న భయం అది కాదు. ఆయన దగ్గర మొదటి పుస్తకం వేయించుకున్న ఒక కవి, రెండోది టైపు చేయించి, ప్రూఫులు దిద్దుతూ ఉండగానే పోయారు. రాతప్రతి ఆయనే తీసుకెళ్ళారు, తర్వాత దొరకలేదు. మిగిలింది ఈ డిస్కులో ఉన్న ఫైలొక్కటే. డబ్బివ్వనందుకు షాపులో ఆపేశారని ఎవరో అనుకున్నారట. ఆ మాటతో పాటు పెట్టెనీ అటకెక్కించారు.

మర్నాడు స్క్రూలు విప్పి డిస్కు తీశాం. పాత డిస్కుల్ని యూఎస్‌బీకి కలిపే ఒక తీగ కొని పెట్టాం. రెండుసార్లు గరగరలాడి తిరిగింది. ఫైలు తెరవడానికి ఇంకా పేజ్‌మేకర్ వాడుతున్న నాన్న స్నేహితుడి షాపుకి వెళ్ళాం. అక్షరాలు కనిపించాయి కానీ కాపీ చేస్తే ఇంగ్లిష్ గుర్తుల ముద్ద. యూనికోడ్‌కి ముందు మన తెలుగు అలాగే బతికింది, ఇంగ్లిష్ అక్షరాల గళ్ళలో అద్దెకి. కన్వర్టర్‌లో వేస్తే చాలావరకు వచ్చింది. వత్తులు చెదిరినచోట నాన్న తెర మీద చూసి చదివారు, నేను టైపు చేశాను. రెండు కవితలు సగంలోనే ఆగి ఉన్నాయి. వాటిని అలాగే ఉంచాం. మొత్తం ప్రింటు తీసి ఆయన కూతురికి పంపాం.

తర్వాత డిస్కుని నాన్నే సుత్తితో కొట్టారు. కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైటు జాబితాలో వెతికి పట్టుకున్న రీసైక్లర్ మనిషి వచ్చి సీపీయూ, మానిటరు, ఆ డిస్కు ముక్కలు అన్నీ తీసుకెళ్ళాడు. డబ్బులివ్వలేదు, రసీదిచ్చాడు. నాలుగు ఫోన్లు, మూడు రోజులు పట్టింది. ఖాళీ అయిన అటక మీద అమ్మ వెంటనే ఆవకాయ జాడీలు పెట్టేసింది.

నేను హైదరాబాద్ బయల్దేరే రోజు బండి అతను మళ్ళీ ఎదురయ్యాడు. పెట్టె ఏమైందని అడిగాడు. చెప్పాను. రసీదు చూపించమన్నాడు. తిప్పి చూసి వెనక్కిచ్చాడు.

"వాళ్ళు మా దగ్గర కూడా కొంటారాండి? రేటు మా సేటుకన్నా రూపాయి ఎక్కువిస్తే, ఆళ్ళకే ఏసేద్దును."

నంబరు ఇచ్చాను. నెల తర్వాత నాన్నని ఫోన్లో అడిగితే, "చేశాడంటమ్మా. చిల్లరగా కొనం, టన్నుల్లో ఉంటే చెప్పమన్నారట" అన్నారు.